వర్ధనమ్మగారి మెస్సులో లేని చెత్త

మా కొండరేవు మునిసిపాలిటీ ఒకే ఏడాదిలో రెండుసార్లు కంగారుపడింది. మొదటిసారి ఊళ్ళో చెత్త ఎక్కువైపోయిందని. రెండోసారి ఊళ్ళో చెత్త దొరకడం లేదని. రెండుసార్లూ ఆ కంగారు నేరుగా మా ఇంటికే వచ్చింది.

నేను సబ్ ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రభుత్వం పొరపాటు చేస్తుందని నమ్మే అలవాటు నాకు లేదు. మా ఆవిడ వర్ధనమ్మకి ఉంది. నేను ఆఫీసుకి వెళ్ళడం మానేశాక తను బస్టాండు వెనక వీధిలో, మా ఇంటి ముందు గదిలోనే మెస్సు తెరిచింది. బట్టలషాపు గుమస్తాలు, నర్సింగు చదువుకునే అమ్మాయిలు, ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఒంటరి ఉద్యోగులు మా దగ్గరే భోంచేస్తారు. మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ బలభద్రరావు కూడా మధ్యాహ్నం మా బల్ల దగ్గరే కూర్చుంటాడు.

మా ఆవిడకి పారేయడం చేతకాదు. ఇది పిసినారితనం అని కొందరు అనుకుంటారు కానీ వాళ్ళు మా ఇంట్లో భోంచేసినవాళ్ళు కారు. బీరకాయ కూర వండిన రోజు బీరపొట్టు పచ్చడి తప్పదు. పుచ్చకాయ ఎర్రగుజ్జు తిన్నాక తెల్లకండ మర్నాడు దోసెపిండిలో చేరుతుంది. కొత్తిమీర కాడలు చారులోకి, కాలీఫ్లవర్ కాడలు పప్పులోకి, కాఫీ పిప్పి కరివేపాకు మొక్కకి, కొబ్బరిపీచు గిన్నెలు తోమడానికి. రాత్రి మిగిలిన ఇడ్లీ పొద్దున్నకి ఉప్మా. బియ్యం కడుగు, గంజి, ఇంక మనిషి తినలేని తొక్కా తొడిమా అన్నీ కలిపి కుడితి. ఆ కుడితి వీధి చివర గేదెల్ని పెట్టుకున్న నర్సమ్మకి. నర్సమ్మ గేదెల పాలే మళ్ళీ మా మెస్సులో పెరుగు.

పోయిన వేసవిలో మా ఊరికి కొత్త కమిషనర్ వచ్చాడు. చైతన్యవర్మగారు. కుర్రవాడు, చురుకైనవాడు, నిద్రలో కూడా చొక్కా నలగదనిపించే మనిషి. వచ్చిన వారానికే ‘చెత్త తగ్గించు, ఊరు వెలిగించు’ అని గోడలన్నీ రాయించాడు. వీధివీధికీ మైకుబండి తిరిగింది. ఇంటింటికీ ఒక పచ్చ బకెట్టూ ఒక నీలం బకెట్టూ ఇచ్చారు. పచ్చదాంట్లో తడిచెత్త, నీలం దాంట్లో పొడిచెత్త. ఎవరింట్లో తక్కువుంటే వాళ్ళకి బహుమతి.

తనిఖీకి కమిషనర్‌గారే స్వయంగా వచ్చారు. మా వంటింట్లో పచ్చ బకెట్టు మూత తీస్తే చింతపండు కనిపించింది. నీలం దాంట్లో ఊరమిరపకాయలు.

“అమ్మా, చెత్త ఏది?” అని అడిగారు.

“తడిది గేదెలు తాగేశాయి బాబూ. కాగితాలూ అవీ పాతసామాన్లవాడు పట్టుకెళ్ళాడు.”

“మిగతాది?”

“మిగతాది మీరు ఇప్పుడు వాసన చూస్తున్నారు. పోపు వేస్తున్నాను.”

కమిషనర్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “బలభద్రరావుగారూ, మనం వెతుకుతున్నది ఇదే. ఇది ఇల్లు కాదు. ఇది ఒక నమూనా” అన్నారు.

ఆ ఆదివారం టౌనుహాల్లో మా ఆవిడకి శాలువా కప్పి ‘శూన్య వ్యర్థ గృహశ్రీ’ అని బిరుదిచ్చారు. శాలువా బావుంది. మా ఆవిడ దాన్ని అప్పడాలు ఆరబోసేటప్పుడు కిందేసుకోవడానికి వాడింది.

తరవాత ఆమెని వార్డువార్డుకీ తిప్పి ఆడవాళ్ళకి పాఠాలు చెప్పించారు. ఆవిడ చెప్పేదేమీ లేదు. “బజారుకి వెళ్ళేముందు ఇంట్లో బుట్ట చూసుకోండి. రెండు వంకాయలుంటే ఇంకో కిలో కొనకండి. ఎంతమంది తింటారో పొద్దున్నే అడగండి, అడిగితే మొగాళ్ళకి కోపమొస్తుంది, రానివ్వండి. మిగిలింది ఎదురుగా కనపడేచోట పెట్టండి. ఫ్రిజ్‌లో వెనక్కి తోసేస్తే అది మిగిలినట్టు కాదు, పోయినట్టు. పొట్టు పారేసేముందు ఒకసారి నూనెలో వేయించి చూడండి.” అంతే. ఆఫీసువాళ్ళు పక్కనే కూర్చుని దీన్ని రాసుకుని, ‘గృహస్థాయి కూరగాయ నిల్వల ముందస్తు మదింపు’, ‘అవశేష ఆహార దృశ్యమానత’ అని పుస్తకం వేశారు. ఆ పుస్తకం చదివితే మా ఆవిడకే అర్థం కాలేదు.

కానీ ఊరు విన్నది. అదే వచ్చిన చిక్కు. సాధారణంగా మా ఊరు ఏదీ వినదు. హెల్మెట్టు పెట్టుకోమంటే వినలేదు, కాలవలో గుడ్డలు ఉతకద్దంటే వినలేదు. బీరపొట్టు పచ్చడి మాత్రం నాలిక్కి తగిలింది కాబట్టి విన్నది. వర్షాలు మొదలయ్యేసరికి ఏ ఇంట చూసినా ఏదో ఒక పొట్టు వేగుతోంది. గేదెలూ మేకలూ ఉన్నవాళ్ళు ఇంటింటికీ తిరిగి కుడితి అడుగుతున్నారు. చెత్తబండి పాట పాడుకుంటూ వచ్చి, అదే పాట పాడుకుంటూ ఖాళీగా వెళ్ళిపోయేది.

ఆ సమయంలోనే ఊరి చివర యంత్రం దిగింది.

దాని పేరు ‘జీవశక్తి వ్యర్థ రూపాంతర కేంద్రం’. తడిచెత్త పోస్తే గ్యాసు తయారవుతుందట. ఊరు చెత్తతో నిండివున్న రోజుల్లో, ముందటి కమిషనర్ హయాంలో, ఆ లెక్కలు చూపించి పై నుంచి శాంక్షన్ తెచ్చారు. యంత్రం ఓడెక్కి, లారీ ఎక్కి, మా ఊరు చేరేలోపు కొత్త కమిషనర్ ఊరిని బాగుచేసేశాడు. ఎవరి తప్పూ లేదు. చెత్త తగ్గించే సెక్షను మేడ మీద ఉంటుంది, చెత్త కావలసిన సెక్షను మేడ కింద ఉంటుంది. మధ్యలో మెట్లు ఉన్నాయి కానీ వాళ్ళకి పనేముంటుంది ఎక్కి దిగడానికి?

“గురువుగారూ, గొంతులోకి ముద్ద దిగడం లేదు” అన్నాడు బలభద్రరావు ఒకరోజు, రెండోసారి పప్పు వడ్డించుకుంటూ. “యంత్రం రోజుకి పది టన్నులు అడుగుతోంది. ఊరంతా ఊడిస్తే పది తట్టలు రావడం లేదు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. మంట కనపడకపోతే మొత్తం గ్రాంటు వెనక్కి.”

“చిన్న యంత్రం పెట్టుకోవచ్చుగా?” అంది మా ఆవిడ.

“ఆ మాట నేనూ అన్నానమ్మా. కమిషనర్‌గారు ఒప్పుకోలేదు. ‘యంత్రం తగ్గదు బలభద్రరావుగారూ, ఊరే పెరగాలి’ అన్నారు.”

ఊరు పెరగడానికి వీలుగా మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ‘కనీస తడిచెత్త సమర్పణ బాధ్యత’ అని దానికి పేరు. ప్రతి ఇల్లూ రోజూ ఒక బకెట్టు నిండా తడిచెత్త ఇవ్వాలి. హోటళ్ళు, మెస్సులు ఆరేసి బకెట్లు ఇవ్వాలి. ఇవ్వనివాళ్ళకి కుళాయి కట్. గోడల మీద ‘చెత్త తగ్గించు’ అన్నచోట ‘తగ్గించు’ మీద సున్నం కొట్టి ‘అందించు’ అని రాశారు. రంగు కాస్త తేడా వచ్చింది కానీ సందేశం స్పష్టంగానే ఉంది.

పాఠాలు చెప్పే బృందం మళ్ళీ వార్డుల్లోకి దిగింది. అదే మైకు, అవే కుర్చీలు. ఈసారి మా ఆవిడని పిలవలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని రాసుకున్న అమ్మాయే లేచి నిలబడి, “అక్కలారా, తొక్క మందంగా తియ్యండి. ఆనపకాయ తొక్కతో పాటు రెండు వేళ్ళ మందం కండ కూడా రావాలి. వంకాయకి తొడిమ దగ్గర కాదు, నడుం దగ్గర కొయ్యండి. వండినదాంట్లో మూడోవంతు మిగిలేలా ప్రణాళిక వేసుకోవడం బాధ్యత గల పౌరుల లక్షణం” అని చెప్పింది. పాపం, ఆ పిల్ల మొహంలో ఏ భావమూ లేదు. జీతం వచ్చే మొహం అలాగే ఉంటుంది.

ఊళ్ళో రూళ్ళకి భయపడే సంసారులే ఎక్కువ. మొదటి వారం ఎలాగో నింపారు. తరవాత ఇంట్లో తిండికీ బకెట్టుకీ పోటీ వచ్చింది. మార్కెట్లో కూరగాయలమ్మే వాళ్ళు తెలివిగలవాళ్ళు. పుచ్చిపోయినవి, వాడిపోయినవి వేరే కుప్ప పోసి, ‘బకెట్టు సరుకు’ అని అమ్మడం మొదలుపెట్టారు. డిమాండు పెరిగేసరికి పుచ్చువంకాయ మంచివంకాయ కంటే ప్రియమైపోయింది. దాంతో మంచివాటికి కన్నాలు పెట్టి పుచ్చని చెప్పి అమ్మేవాళ్ళు తయారయ్యారు. మా పక్కింటి సుగుణ ఒకసారి అలా మోసపోయి, ఇంటికొచ్చి కోసిచూస్తే లోపలంతా లేతగా ఉందని నెత్తి కొట్టుకుంది.

“అంతా మీవల్లే పిన్నిగారూ” అంది గోడ మీంచి. “మీరు పచ్చడి నేర్పకపోతే ఊళ్ళో చెత్త ఉండేది. చెత్త ఉంటే మాకీ కర్మ లేదు.”

మా ఆవిడ గోడ దగ్గర్నుంచి కదిలింది. లోపలికొచ్చి చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

నాకు మటుకు ఉత్తర్వు ఉత్తర్వే. సంచీ తీసుకుని బయల్దేరాను.

“ఎక్కడికి?” అంది.

“బకెట్టు సరుకు తెస్తాను. ఆరు బకెట్లు కదా, బేరం ఆడితే...”

“నేను బతికుండగా ఈ ఇంట్లోకి చెత్త కొనుక్కొస్తారా?”

ముప్ఫై ఏళ్ళ పైన కాపురంలో ఆవిడ గొంతు అలా వినడం అదే మొదటిసారి. సంచీ తగిలించేసి వచ్చి కూర్చున్నాను. ఆవేళ బలభద్రరావు బకెట్ల బకాయి నోటీసు తెచ్చి, భోజనం అయ్యేవరకూ జేబులోంచి తీయలేదు. చెయ్యి కడుక్కున్నాక బల్ల మీద పెట్టి, “వడ్డించినమ్మ చేతికే ఇవ్వాల్సి వచ్చింది” అని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఈ గొడవలో అందరికంటే నలిగింది నర్సమ్మ. ఊళ్ళో తొక్కాతొడిమా ఇప్పుడు మునిసిపాలిటీ ముడిసరుకు. దాన్ని పశువులకి పెడితే ముడిసరుకు దుర్వినియోగం. ఒకరోజు నర్సమ్మ గేదెలు చెరువు నుంచి వస్తూ, ఎవరి గుమ్మం ముందో పెట్టిన పచ్చ బకెట్లో మూతులు పెట్టాయి. సిబ్బంది వెంటనే పట్టుకుని రెండింటినీ బందెలదొడ్డికి తోలారు. అక్కడ వాటికి పచ్చగడ్డి లేదు. విడిపించుకొచ్చేసరికి చూడిగేదె డొక్కలు లోపలికి పోయాయి. పాడిగేదె పాలు సగానికి పడిపోయాయి.

“గేదె తిండి గేదె తింటే దొంగతనం అంటన్నారమ్మగారూ” అని మా గుమ్మంలో కూలబడింది నర్సమ్మ. “దాణా కొనే తాహతు నాకేదీ? దూడ పుట్టేదాకా అయినా నిలబెట్టుకోగలనా?”

మా ఆవిడ ఆమెకి మజ్జిగ ఇచ్చి, “పొద్దున పాలు తెచ్చే క్యాన్లు ఖాళీగానే కదా పట్టుకెళ్తావు?” అంది.

ఆ మర్నాటి నుంచి మా వీధిలో అక్రమ రవాణా మొదలైంది. నర్సమ్మ క్యానుల్లో పాలు వచ్చేవి. అవే క్యానుల్లో కుడితి వెళ్ళేది. మునిసిపాలిటీ వాళ్ళు వీధి మొదట్లో కాపలా నిలబడి, ‘ఏంటది?’ అని అడిగితే, ‘విరిగిపోయిన పాలండీ’ అనేది నర్సమ్మ. నేను వరండాలో పేపరు పట్టుకుని కూర్చుని, పేపరు చదవకుండా వీధి చూసేవాణ్ణి. సర్కారు నౌకరీ చేసినవాడికి ఆ వయసులో ఆ గుండెదడ మంచిది కాదు. గేదె మాత్రం తేరుకుంది.

చివరికి మా ఇంటి మీద దాడి చేశారు. కమిషనర్‌గారే ముందు నడిచారు. ఆయన వెనక బలభద్రరావు, ఆయన వెనక ఇద్దరు సిబ్బంది, వాళ్ళ వెనక వీధి.

“వర్ధనమ్మగారూ” అన్నారు కమిషనర్‌గారు, ఎంతో మర్యాదగా. “శాస్త్రీయ అంచనా ప్రకారం, మీ స్థాయి భోజనశాలలో ఆరు బకెట్ల వ్యర్థం ఉత్పన్నమై తీరాలి. మీరు ఒక్కటీ సమర్పించడం లేదు. ఉత్పన్నమైనది సమర్పించబడలేదంటే దాచబడిందని అర్థం. ఎక్కడ దాచారో చెబితే అందరికీ గౌరవంగా ఉంటుంది.”

“మీరే కదా నాయనా, లేదని శాలువా కప్పారు?”

“అది వేరే పథకం, అమ్మా.”

వెతికారు. అటక మీద, మంచం కింద, దేవుడి గూట్లో కూడా చూశారు. సిబ్బందిలో ఒకడు పెరట్లో కరివేపాకు మొక్క మొదలు తవ్వాడు. ఏమీ దొరకలేదు. అప్పుడు కమిషనర్‌గారి కన్ను వంటింటి గట్టు మీదున్న జాడీ మీద పడింది.

“అందులో ఏముంది?”

“బీరపొట్టు పచ్చడి.”

“పొట్టు!” అన్నారు ఆయన, సిబ్బంది వైపు తిరిగి. “రాయండి. ప్రభుత్వానికి చెందవలసిన తడిచెత్తను వేయించి, రోకలితో దంచి, పోపు పెట్టి, ఆహార రూపంలో దాచివుంచగా పట్టుబడినది.”

పంచనామా రాశారు. సుగుణ మొగుణ్ణి సాక్షి సంతకం పెట్టమన్నారు. జాడీ మూతికి గుడ్డ కట్టి లక్క సీలు వేసి ఆఫీసుకి పట్టుకెళ్ళారు. మా ఆవిడ వెనకనుంచి, “తడి చెంచా పెట్టకండి, బూజు పడుతుంది” అని చెప్పింది. మూడో రోజుకి ఆ సాక్ష్యం ఆఫీసులో లేదు. విచారిస్తే, సీలు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి మేడ మీది సెక్షను ఒకసారీ, మేడ కింది సెక్షను ఒకసారీ, ఆఖర్న రెండూ కలిసి ఒకసారీ విప్పిచూశాయని తేలింది. ఆ రెండు సెక్షన్లూ కలిసి కూర్చున్నది అదే మొదటిసారి.

సాక్ష్యం లేకపోయినా శిక్ష ఆగదు. మా కుళాయి కట్ చేశారు. మెస్సుకి నీళ్ళు లేకపోతే ఇంకేముంది? నర్సింగు అమ్మాయిలు హాస్టలు నుంచి తలో బిందె మోసుకొచ్చారు. బట్టలషాపు గుమస్తాలు సైకిళ్ళకి క్యాన్లు కట్టుకొచ్చారు. అలా కొన్నాళ్ళు గడిచింది కానీ, పెట్టిన అన్నానికి తినేవాడి చేత నీళ్ళు మోయించడం మా ఆవిడకి నచ్చలేదు. “మూసేద్దామండీ” అంది ఒక సాయంత్రం. ఏడవలేదు. పొయ్యిగట్టు తుడుస్తూ అంది. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తూ అంది. నేను కమిషనర్ ఆఫీసుకి బయల్దేరాను. ఆవిడ కూడా చీర మార్చుకుని వచ్చింది.

కమిషనర్‌గారు మమ్మల్ని చూసి సంతోషించారు. ఆయనకి అప్పటికే నిద్ర లేదు. చొక్కా కూడా నలిగింది.

“మంత్రిగారు గురువారం వస్తున్నారు. యంత్రం కంపెనీవాళ్ళు చెప్పేదేమిటంటే పచ్చి తొక్కల కంటే వండిన పదార్థం త్వరగా గ్యాసు ఇస్తుందట. కాబట్టి మీకు పరిహార మార్గం ఒకటి ఆలోచించాను. ఆ రోజుకి మీరు అయిదువందల మందికి సరిపడా వంట చెయ్యండి. సరుకులన్నీ మావి. మీ బకాయి మొత్తం మాఫీ. కుళాయి ఆ సాయంత్రమే ఇస్తాం.”

మా ఆవిడకి మాటల్లో మొదటి సగం సరిగ్గా వినపడలేదు. అయిదువందల మందికి వంట అన్నమాట ఒక్కటే వినపడింది. మొహం వెలిగిపోయింది. “మంత్రిగారు శాకాహారేనా?” అని అడిగింది.

గురువారం తెల్లవారకుండానే యంత్రం పక్కన షామియానా కింద గాడిపొయ్యి తవ్వారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, ఆనపకాయ మజ్జిగపులుసు, పులిహోర, సేమ్యాపాయసం. మా సొంత గ్యాసు సిలిండర్లు కూడా రెండు తీసుకెళ్ళాం, పాయసానికి సన్నసెగ కావాలని. కూరకోసిన తొక్కలేవీ ఆవిడ వదల్లేదు. అవీ పచ్చడయ్యాయి. సభకి వార్డువార్డు నుంచీ బస్సుల్లో జనాన్ని తెచ్చి ఎండలో కూర్చోబెట్టారు. మంత్రిగారు పదింటికి రావాలి. ఒంటిగంట దాటినా రాలేదు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ముసలివాళ్ళు తలమీద తువ్వాళ్ళు వేసుకుని గుండిగల వైపే చూస్తున్నారు. పోపు వాసన షామియానా దాటి వాళ్ళ మీదుగా పోతోంది.

అప్పుడు కంపెనీ మనుషులు నలుగురు వచ్చి అన్నపు గుండిగ తలోవైపూ పట్టుకున్నారు.

“ఎక్కడికి బాబూ? ఆకులు ఇంకా వెయ్యలేదు” అంది మా ఆవిడ.

“ఆకులెందుకమ్మా? యంత్రంలో పోసేయాలి.”

ఆవిడకి అర్థం కాలేదు. నావైపు చూసింది. నాకు ముందే అర్థమయింది, అందుకే నేను ఆవిడ వైపు చూడలేదు. కమిషనర్‌గారు గబగబా వచ్చి, “ఇది ఆహారం కాదమ్మా. ప్రభుత్వ పరిభాషలో ఇది ముందస్తుగా సిద్ధం చేసిన తడిచెత్త” అని వివరించారు.

మా ఆవిడ నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి యంత్రం నోటి దగ్గరికి ఎక్కే ఇనుపమెట్ల మీద కూర్చుంది. లావుపాటి మనిషి కాదు కానీ మెట్లు సన్నవి. దారి మూసుకుపోయింది.

“వర్ధనమ్మగారూ, లెండి. మంత్రిగారి కారు బైపాస్ దగ్గరుంది.”

“ఇది ఎసట్లో పోసేటప్పుడు బియ్యం. దింపేటప్పుడు అన్నం. చెత్త ఎప్పుడయ్యింది నాయనా?”

“అమ్మా, ఊరి ప్రతిష్ఠకి సంబంధించిన విషయం.”

“ఊరు అదిగో, ఎండలో కూర్చుంది. పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఆ ఊరికి ముందు పెట్టండి. వాళ్ళు వద్దని మిగిల్చింది తెచ్చి నేనే మీ యంత్రంలో పోస్తాను. మాటిస్తున్నాను.”

కమిషనర్‌గారు నోరు తెరిచారు కానీ ఆయన కంటే ముందు బలభద్రరావు కదిలాడు. చొక్కా చేతులు మడిచి, విస్తరాకుల కట్ట విప్పి, మొదటి వరస వేసుకుంటూ పోయాడు. ఇరవైయేళ్ళ సర్వీసులో పైవాళ్ళు చెప్పకుండా ఆయన చేసిన మొదటి పని అదేననుకుంటాను. జనం తోసుకోలేదు. అది నాకు ఆశ్చర్యం. వరసగా కూర్చున్నారు. సుగుణ నీళ్ళ గ్లాసులు పెట్టింది, నర్సమ్మ పెరుగు పోసింది. నేను పప్పు వడ్డించాను. నాకు అలవాటు లేదు, కొందరికి రెండుసార్లు వేశాను.

మంత్రిగారు దిగేసరికి మూడో పంక్తి నడుస్తోంది. ఆయన కూడా పొద్దున్నుంచీ నాలుగు ప్రారంభోత్సవాల్లో బొకేలు తప్ప ఇంకేమీ చూసినట్టు లేదు. దండ వేయబోతే చేత్తో పక్కకి నెట్టి, నేరుగా వెళ్ళి ఆకు ముందు కూర్చున్నారు. పచ్చడి రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు.

“ఇది దేంతో చేశారండీ?”

కమిషనర్‌గారి మొహం పాలిపోయింది. “సర్, అది... మూలస్థాయిలోనే రూపాంతరం చెందిన వ్యర్థం.”

“తొక్కల పచ్చడి బాబూ” అంది మా ఆవిడ.

మంత్రిగారు తలూపి తినడం పూర్తి చేశారు. జనం కూడా లేచారు. మా ఆవిడ ఇచ్చిన మాట ప్రకారం మిగిలినదేమైనా ఉంటే పొయ్యడానికి గుండిగలన్నీ వంచి చూసింది. గుండిగల అడుగున కనపడింది గుండిగల అడుగే. విస్తరాకుల్లో కరివేపాకు రెబ్బలున్నాయి. వాటిని నర్సమ్మ ఆకులతో సహా మూటగట్టింది. ఆమెని ఎవరూ ఆపలేదు.

యంత్రం ఖాళీగా ఉంది. మంత్రిగారు మీట దగ్గర నిలబడ్డారు. ఫోటోలవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. కంపెనీ మనుషులు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని యంత్రం వెనక్కి పరుగెత్తారు. మీట నొక్కగానే గొట్టం చివర నీలంగా, నిలకడగా, అందంగా మంట లేచింది. చప్పట్లు మోగాయి. నేను వెనక్కి వెళ్ళి చూశాను. పాయసానికి తెచ్చిన మా సిలిండరు అక్కడ కట్టి ఉంది.

“వాసన కూడా లేదే!” అన్నారు మంత్రిగారు. “ఇంత శుభ్రంగా పనిచేసే యంత్రాన్ని నేను చూడలేదు. ఏమాత్రం తింటుంది ఇది రోజుకి?”

“ఇవాళ ఏమీ తినలేదు సర్” అన్నాడు బలభద్రరావు. నిజం చెప్పాడు.

“శభాష్. ఖర్చు కూడా లేదన్నమాట.”

ఆ ఒక్క మాటతో అంతా చక్కబడింది. చెత్త లేకుండా నడిచే చెత్త యంత్రంగా మా ఊరి కేంద్రానికి పేరొచ్చింది. పక్క ఊళ్ళ కమిషనర్లు వచ్చి చూసి, ఆ మంట ఎలా వస్తోందని అడిగి, ‘యాజమాన్య రహస్యం’ అన్న జవాబు రాసుకుని వెళ్ళారు. యంత్రానికి ఇంక చెత్త అక్కర్లేదు కాబట్టి ఆరు బకెట్ల ఉత్తర్వు రద్దయింది. చైతన్యవర్మగారికి పెద్ద ఊరికి ప్రమోషన్ మీద బదిలీ. వెళ్ళేముందు మెస్సుకి వచ్చి, ఒక మూల కూర్చుని కడుపునిండా భోంచేశారు. లేచేటప్పుడు, “అమ్మా, ఆ రోజు మీరు మెట్ల మీద కూర్చోకపోతే నేను ఆ అన్నం పోయించేసేవాణ్ణి” అన్నారు. మా ఆవిడ ఆయన ఆకులో ఇంకో గరిటె పెరుగు వేసి, “ఇప్పుడు తిన్నారుగా” అంది.

మా కుళాయి ఇచ్చారు. నర్సమ్మ చూడిగేదె ఈనింది. పెయ్యదూడ.

ఒకటి మాత్రం మిగిలింది. కుళాయి తిరిగి ఇచ్చేటప్పుడు ఆఫీసులో ఒక ప్రశ్న వచ్చిందట. ఉత్తర్వు రద్దయినా ఈ మెస్సు పాత బకాయి మాఫీ చెయ్యాలంటే, ఇక్కడ చెత్త లేదని రుజువుండాలి. రుజువంటే నమూనా. కాబట్టి నెలకోసారి మా మెస్సు నుంచి లేని చెత్త నమూనా తీసుకుని జిల్లా ప్రయోగశాలకి పంపాలని తీర్మానించారు.

మొదటి నెల బలభద్రరావు ఒక గాజుసీసా తెచ్చాడు. మా వంటింట్లో దాని మూత తీసి, కాసేపు ఉంచి, మూత బిగించి, లక్క సీలు వేసి, నా చేత సంతకం పెట్టించుకుని, గుడ్డలో చుట్టి జాగ్రత్తగా పట్టుకెళ్ళాడు.

వారం తిరక్కుండా ప్రయోగశాల నుంచి జవాబు వచ్చింది. భోజనానికి వచ్చినప్పుడు బలభద్రరావే చదివి వినిపించాడు. నమూనా క్షుణ్ణంగా పరీక్షించబడినదట. నాణ్యత తృప్తికరమట. అయితే పరిమాణం చాలలేదు కనుక, వచ్చే నెల నుంచి ఇంకాస్త ఎక్కువ పంపవలెనట.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఆవకాయ పెట్టే పెద్ద జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.